ప్రసెర్ట్ తోటలో ఊడిన తాడు

ప్రసెర్ట్ తన తోటలోనే, దురియన్ చెట్టు కింద, బోర్లా పడి చనిపోయి ఉన్నాడు.

తల వెనక ముళ్ళు దిగిన గాయం. పక్కనే మడిచిన గోనెసంచి మీద నెత్తురంటిన దురియన్ కాయ, పనసలా బరువుగా, ఒళ్ళంతా ముళ్ళతో. పైన కొమ్మ నుంచి ఎర్ర నైలాన్ తాడు ఖాళీగా వేలాడుతోంది.

చంతబురి పోలీసు స్టేషన్ నుంచి ఎస్సై అరుణీ వచ్చేసరికి కానిస్టేబుల్ కేసు తేల్చేశాడు. వుథీ చేతులకు బేడీలు పడ్డాయి.

వుథీ కంబోడియా నుంచి థాయిలాండ్ వచ్చిన కూలీ. ఈ తోటలో పూతకు కుంచెతో పుప్పొడి అద్దేది, వంకర పిందెలు తుంచేసేది, నిండుగా ఎదిగే కాయల్ని కొమ్మకు తాడుతో కట్టేది అతనే. పండి తొడిమ ఊడినా కాయ తాడుకే వేలాడాలి. కింద పడిందంటే ముడి తప్పే.

"నిర్లక్ష్యం వల్ల మరణం మేడమ్," అన్నాడు కానిస్టేబుల్. "ముందు జైలు. తర్వాత సరిహద్దు దాటించేస్తారు."

"నా ముడి ఊడదమ్మా," వుథీ ప్రసెర్ట్ భార్య మాలై వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళలో ఒక్కటైనా ఊడిందా? మీరే చెప్పండి."

మాలై మొహం తిప్పుకుంది. ఆమెకు నమ్మాలనే ఉంది. కానీ ఎదురుగా భర్త శవం ఉంది.

అరుణీ ఆమెనే ముందు అడిగింది. "పొద్దున ఆరింటికి, ఇది జరిగినప్పుడు, ఎక్కడున్నారు?"

"వీధిలో బౌద్ధ భిక్షువులకు అన్నం వడ్డిస్తున్నాను. వీధంతా చూసింది."

"నువ్వు?"

ప్రసెర్ట్ మేనల్లుడు జిరాయు ఆవులించాడు. "నిద్రలో ఉన్నా. బ్యాంకాక్‌లో ఫోన్లమ్ముకునేవాణ్ణి, కోడి కూతకు లేస్తానా? ఈ కంపు కాయల తోట పని నాకేం తెలుసు?"

"మావయ్య పోయాడ్రా. కాస్త నోరు మూసుకో," అంది మాలై.

మూడోవాడు థానిన్. ఎగుమతి కంపెనీ ఏజెంటు. తెల్ల చొక్కా, భుజాన ఖరీదైన తోలు బ్యాగు.

"ప్యాకింగ్ షెడ్డులో ఉన్నాను మేడమ్. కబురు విని వచ్చాను. పెట్టెలు ఎక్కించడం తప్ప తోట సంగతులు నాకు తెలీవు."

"నిన్న ప్రసెర్ట్‌తో గొడవపడ్డారట?"

"ధర పడిపోకముందే కోసేద్దామన్నాను. పచ్చికాయ కోస్తే తన పేరు పోతుందన్నాడు. వ్యాపారంలో మామూలే."

అరుణీ గోనెసంచి వైపు చాలాసేపు చూసింది. తర్వాత పక్కన గడ్డి పరిచి పోసిన కుప్పలోంచి రెండు కాయలు తీయించింది.

"ల్యాబ్‌కి పంపాలి. జిరాయు, థానిన్, చెరొకటి జీపు దగ్గరికి తీసుకురండి."

సగం దారిలో ఆగి, పెన్ను చాపింది. "ఆగండి. ముందు స్టేట్‌మెంట్ మీద సంతకాలు పెట్టండి."

జిరాయు కాయను బురదలో ధబ్బున పడేశాడు. మాలై మొహం చిట్లించింది.

థానిన్ అటూ ఇటూ చూశాడు. భుజాన ఉన్న బ్యాగు తీసి నేల మీద పరిచాడు. దాని మీద కాయ పెట్టాడు, తొడిమ పైకి ఉండేలా. అప్పుడు పెన్ను అందుకున్నాడు.

"బేడీలు ఇటు తీసుకురా," అంది అరుణీ.

"మేడమ్, ఏంటిది?"

"పైనుంచి పడే కాయ గోనెసంచి వెతుక్కుని పడుతుందా థానిన్? మట్టిలో బూజు తగిలితే కాయ కుళ్ళుతుంది. తోటలో పెరిగిన చెయ్యి ఎంత కంగారులోనైనా దురియన్‌ని మట్టిలో పెట్టదు. చంపినవాడు ప్రమాదంలా కనబడాలని తాడు విప్పాడు. కాయను మాత్రం అలవాటుగా సంచి మీద పెట్టాడు."

"వుథీకీ ఆ అలవాటు ఉందిగా?"

"వుథీ అయితే తన ముడి తనే విప్పి నేరం మెడకు చుట్టుకుంటాడా? మాలైని వీధంతా చూసింది. ఇక మిగిలింది తోట పని తెలీదన్న మీరిద్దరే. ఒకడు నిజం చెప్పాడు."

థానిన్ తన బ్యాగు వైపు, దాని మీది కాయ వైపు చూశాడు. భుజాలు జారిపోయాయి.

"మాకూ తోట ఉండేది," అన్నాడు మెల్లగా. "కాయ మట్టిలో పెడితే నాన్న చెయ్యి వాచేలా కొట్టేవాడు. పొద్దున మళ్ళీ బతిమాలాను. సరుకు పంపకపోతే నా ఉద్యోగం పోతుంది. ఆయన నవ్వి, అటు తిరిగి పనిలో పడ్డాడు. చేతిలో కాయ ఉంది..."

జీపు కదిలింది.

మాలై వుథీ దగ్గరికి వచ్చింది. "నీ తరఫున ఒక్క మాట అనలేకపోయాన్రా. సిగ్గేస్తోంది."

వుథీ కందిన మణికట్లు రుద్దుకుంటూ వెళ్ళి ప్రసెర్ట్ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. పొద్దుటినుంచి అందరూ అతణ్ణి ప్రశ్నలే అడిగారు. ఇప్పుడు ఏడ్చాడు.