విషం వాసన మరిచిన చేపలు

"చేపల తొట్లు కడగడం వచ్చా నీకు?" అని అడిగాడు చీఫ్.

ఏజెంట్ ఉడుత నవ్వబోయి, చీఫ్ మొహం చూసి మానుకున్నాడు. "నేర్చుకుంటాను సర్."

"మీ అక్క ల్యాబ్‌లో పఫర్ చేపల నుంచి తీసిన విషం ఒక సీసాడు ఉంది. విదేశీ ముఠా చేతికి చిక్కితే అది ఈ ఊరి మంచినీళ్ళ ట్యాంకులో కలుస్తుంది. క్లీనర్ వేషంలో వెళ్ళి పట్టుకురా. లోపల మన మనిషి ఉంది. కోడ్ నేమ్ నెమలి. వచ్చి 'నీళ్ళు ఉప్పగా ఉన్నాయి' అంటే నమ్మెయ్."

నమ్మేశాడు. కొంప మునిగింది అక్కడే.

ల్యాబ్ బేస్‌మెంట్‌లో ఉంది. కిటికీ అన్నది లేదు. ఉన్న ఒక్క ఇనుప తలుపూ కార్డు గీకితేనే తెరుచుకుంటుంది. అక్క చేపల్ని రెండు బకెట్లలోకి తీసి, తమ్ముడి చేతికి బ్రష్ ఇచ్చింది.

"ఒరేయ్, జాగ్రత్తగా విను. ఎడమ తొట్టిలోవి విషం ఎరగని చేపలు. కుడి తొట్టిలోవాటికి నెలల తరబడి మేతలో విషం కలిపి పెట్టాం. అది లివర్‌లో పేరుకున్నకొద్దీ వాటి జీన్స్ పనితీరే మారిపోయింది. విషాన్ని పట్టి ఉంచే జీన్స్ మేలుకున్నాయి, దాని వాసన పసిగట్టేవి మూగబోయాయి. ఎడమవైపువి మాత్రం ఒక్క చుక్క పడితే చాలు, దాని మీదికి ఎగబడతాయి. రెండిట్నీ కలిపావో, నా కష్టమంతా గంగపాలే."

"నాకా చెప్తున్నావు?" అన్నాడు ఉడుత.

తొట్లు కడిగాడు, చేపల్ని వేశాడు, చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు వినిపించింది హైహీల్స్ చప్పుడు. తెల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్, చేపల కంపుని కూడా తొక్కిపారేసే సెంటు.

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయి," అంది నెమలి.

మన మహానుభావుడు చేటంత మొహం చేసుకుని, "సీసా అదిగో, అక్క టేబుల్ మీదే ఉంది," అని చెప్పేశాడు.

నెమలి తలుపు లాక్ చేసి సైలెన్సర్ పిస్టల్ తీసింది.

ఉడుత వాచీలో, మాటలన్నీ చీఫ్‌కి వినిపించే ట్రాన్స్‌మిటర్ బటన్ నొక్కాడు. సిగ్నల్ లేదు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది. తన నోటి తొందర వల్ల అక్క చచ్చిపోతుంది.

"అది ఉత్త ఉప్పునీళ్ళు," అంది అక్క. "అసలు సీసా పొద్దున్నే హెడ్ ఆఫీసుకి పంపేశాం."

"నీతో కలిసి పనిచేశాను డాక్టర్, ఏ తొట్టి సంగతేమిటో నాకూ తెలుసు. చేపల్నే అడుగుదాం." నెమలి పిస్టల్‌తో సైగ చేసింది. "ఏయ్ క్లీనర్, మూత తియ్. ఎడమ తొట్టిలో ఒక చుక్క వెయ్."

అక్క కళ్ళు మూసుకుంది. ఉడుత చుక్క వేశాడు. నెమలి చూపు నీళ్ళ మీదే ఉంది. అదను చూసి అతను వాచీ విప్పి ఆమె కోటు జేబులోకి జారవిడిచాడు.

ఒక చేప మెల్లగా వచ్చి, తోక తిప్పుకుని వెళ్ళిపోయింది. మిగతావి అసలు కదల్లేదు. ఇంకో చుక్క వేయించింది. అదే వరస.

నెమలి మొహం మాడిపోయింది. "హెడ్ ఆఫీసు కారు ఏ దారిన వెళ్ళింది?"

"వంతెన మీదుగా," అంది అక్క.

"అబద్ధమైతే తిరిగొచ్చి ఇద్దర్నీ ఈ తొట్లోనే ముంచుతాను." సీసాని అక్కడే వదిలేసి, బయటినుంచి తలుపు లాక్ చేసుకుని వెళ్ళిపోయింది.

అక్క నేలమీద కూలబడింది. "అది నిజం విషమే కదరా. చేపలు ఎందుకు రాలేదు?"

తమ్ముడు ఖాళీ బకెట్లవైపు చూశాడు.

"ఒరేయ్."

"ఏ బకెట్ ఎటో మర్చిపోయానక్కా."

అక్క వాడి నెత్తిమీద ఒక్కటిచ్చి, వెంటనే గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

బయట అడుగుల చప్పుడైంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. తలుపు తెరుచుకుంది. చీఫ్. ఆయన వెనక బేడీలతో నెమలి.

"మెట్లెక్కగానే వాచీకి సిగ్నల్ దొరికింది. తన బాస్‌తో ఫోన్లో మాట్లాడుతూ ముఠా అడ్రస్ ఈవిడే బయటపెట్టింది, చుక్క వేసినా చేపలు రాలేదనీ చెప్పింది. అంటే చేపల్ని మార్చేశారన్నమాట! బ్రహ్మాండమైన ప్లాన్. ఎవరిది?"

"మావాడిదే సర్," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "చిన్నప్పట్నుంచీ అంతే, తీసిన వస్తువు తీసినచోట పెట్టడు."