దీపాల వేళ తెరిచిన తలుపు

ఆ రోజూ హాంబర్గ్‌కి ముసురు పొద్దే. ఛాయాదేవి ఇడ్లీ పిండి కలుపుతూ కిటికీ వంక చూసింది. అద్దం మీద వాన జారుతోంది గానీ చినుకు చప్పుడు లేదు. కొడుకు సుమంత్ కొన్న ఈ కొత్త ఫ్లాట్‌లో వేడి బయటికి పోదు, చలి లోపలికి రాదు. గాలి కూడా గోడలోని గొట్టంలోంచి వడగట్టుకుని వస్తుంది. పగలంతా ఒక్కతే తిరుగుతుంటే ఆవిడకి కలలో నడుస్తున్నట్టే ఉంటుంది.

కోడలు మనోజ్ఞ ఉద్యోగం ఇలాంటి ఇళ్లకు మార్కులు వేయడం. కట్టేటప్పుడు చెప్పినంత పొదుపుగా ఇల్లు నడుస్తోందా అని, జనం కాపురాలు పెట్టాక కొలిచి చూస్తారు. ఈసారి వాళ్ల భవనమే వంతుకొచ్చింది.

ల్యాప్‌టాప్ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది మనోజ్ఞ. తెర మీద ఇంట్లో వేడిని చూపే గీత రోజూ సాయంత్రం గోతిలో పడ్డట్టు దిగిపోతోంది. భవనం మొత్తంలో వేడి పారబోస్తున్న ఇల్లు ఏదా అని వెతికితే తమదేనట.

“అత్తయ్యగారూ, సాయంత్రాలు బాల్కనీ తలుపు తీస్తున్నారా?”

“దీపం పెట్టే వేళ మూసుకు కూర్చుంటే లక్ష్మి ఎటునుంచి వస్తుందమ్మా? గుమ్మం తలుపు తీస్తే మెట్లు తప్ప వీధి లేదాయె.”

“లక్ష్మి వచ్చేలోపు వేడంతా పోతోంది. నీ ఇల్లే నువ్వు దిద్దుకోలేవా అని ఆఫీసులో అడిగితే ఏం చెప్పను?”

సుమంత్ కాఫీ గ్లాసులో మొహం దాచుకున్నాడు.

ఛాయాదేవి గరిటె కింద పెట్టింది. “ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టారు ఈ ఇల్లు. జాడీలో ముక్కకి బాగానే ఉంటుంది. నేను ముక్కని కాదుగా. నాకు టికెట్ తీయించండి, పోతాను.”

ఆ మాట రోజంతా మనోజ్ఞ వెంటే తిరిగింది. సాయంత్రం పెందలాడే ఇల్లు చేరింది. అత్తగారు దీపం పెట్టి, తలుపు జోలికి పోకుండా కూర్చుని ఉంది. మనోజ్ఞ పక్కన చతికిలబడింది. దూదిలో పొదిగినట్టు ఇల్లు. ఏ చప్పుడూ లేక కాసేపటికే చెవులు గింగురుమన్నాయి.

“రోజంతా ఇలాగే ఉంటుందా అత్తయ్యగారూ?”

“ఈ వేళకి కింద కీటా అనే చిన్నపిల్లల బడి నుంచి పిల్లలు ఇళ్లకి పోతారు. బురద గుంటల్లో బూట్లతో దూకుతారు. వాళ్ల మాట ఒక్కటీ నాకు తెలీదు. అయినా ఆ గోల వింటేనే ఇంట్లోకి లక్ష్మి వచ్చినట్టుంటుంది.”

మనోజ్ఞ కళ్లు చెమ్మగిల్లాయి. వేడి కొలిచారు, కరెంటు కొలిచారు, గాలి కొలిచారు. పగలంతా ఇంట్లో ఉండే మనిషిని మాత్రం ఎలా ఉందని అడగలేదు. లేచి హీటర్ కట్టేసింది. శాలువా తెచ్చి అత్తగారికి కప్పి, బాల్కనీ తలుపు బార్లా తెరిచింది. తడిగాలితోపాటు పిల్లల కేరింతలు లోపలికొచ్చాయి. దీపం వంగి, మళ్లీ నిలబడింది.

“మరి మార్కులు తగ్గవూ?” అంది ఛాయాదేవి, కొంగుతో దీపానికి అడ్డుపెడుతూ.

“తగ్గనివ్వండి. తగ్గేది ఇంటికి, మీకు కాదు. గీత పడ్డచోట మా అత్తయ్యగారు ఉన్నారని రాస్తాను.”