అందరికీ అనుమతి

మా ఆసుపత్రిలో కంప్యూటర్ల గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నమైనా లైటు వెయ్యందే ఎదుటి మనిషి కనబడడు. యంత్రాల రొద, తడి గోడల వాసన, ఎప్పుడూ చల్లగా ఉండే నేల. అలవాటైపోయి అవేవీ నాకు పట్టవు. ఆ రోజు నన్ను పట్టి పీడించింది ఒక ఫైలు.

సంగతి చిన్నదే. పై అంతస్తు వార్డులో ఒక్కో రోగి నాడి ఎలా ఉందో మంచం పక్క యంత్రం చెబుతుంది. నా ప్రోగ్రాం దాన్ని ఎప్పటికప్పుడు ఒక ఫైల్లో రాస్తుంది. నర్సు ముందున్న స్క్రీన్ ఆ ఫైలు చూసి, ఎవరి నాడైనా పడిపోతే గంట మోగిస్తుంది. రాయడం ఆగితే గంటా మోగదు. పొద్దున్నే ఆపరేషన్ అయిన మా చెల్లి ఆ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద ఉంది. నా ఖర్మ కాకపోతే, సరిగ్గా ఆ రోజే రాయడం ఆగిపోవాలా?

ప్రోగ్రాం ముందుగా అడుగుతుంది: ఈ ఫైల్లో రాయడానికి నాకు అనుమతి ఉందా అని. ఉంది అని జవాబొస్తుంది. వెంటనే రాయబోతే, అనుమతి లేదు అని ఎర్రర్. అడగడానికీ రాయడానికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు. ఆ సందులోనే ఎవరో అనుమతి తీసేస్తున్నారు! అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ తీసేశారు. ఎర్రర్ వస్తే కాసేపాగి ఇంకోసారి ప్రయత్నించమని కూడా ప్రోగ్రాంలో రాశాను. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే తంతు. తల ప్రాణం తోకకొచ్చింది.

అసలీ ఫైలు ఎవరిదా అని చూశాను. యజమాని పేరుండాల్సిన చోట ఉత్త అంకె ఉంది. మాలో ప్రతి ఉద్యోగికీ కంప్యూటర్లో ఒక అంకె ఉంటుంది, చూపించేటప్పుడు దాని బదులు పేరు చూపిస్తుంది. పని మానేసినా పేరు అలాగే ఉంటుంది. మనిషి చనిపోతేనే తీసేస్తారు. అప్పుడిక అంకె ఒక్కటే మిగులుతుంది.

ఆ అంకె మా పెద్దాయనది. నాకు పని నేర్పిన మనిషి. పోయిన వానాకాలం ఇదే గదిలో, నా పక్క కుర్చీలో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

అప్పుడు తెలిసింది, గదిలో బామ్ వాసన వస్తోందని. ఆయన మెడనొప్పికి రాసుకునే బామ్ అది.

ఫోన్ మోగింది. చెల్లి.

"అన్నయ్యా, వస్తానన్నావు?"

"వస్తున్నానే తల్లీ. ఈ దిక్కుమాలిన ఫైలు మొండికేసింది."

"నీకెప్పుడు చూసినా ఫైళ్ళ గోలే. ఇక్కడ వార్డు తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. లోపలికీ రారు, పోనూ పోరు."

"ఎవరి తాలూకు చుట్టాలో అయ్యుంటారు. నువ్వు పడుకో."

ఫోన్ పెట్టేసి మళ్ళీ ప్రయత్నించాను. అనుమతి లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటి సార్ మీ పేచీ?" ఖాళీ కుర్చీ మీద అరిచాను. "ఉన్నన్నాళ్ళూ నన్ను సాధించారు, అది చాలలేదా?"

విసుగొస్తే మాలో ఎవరైనా చేసే పని ఒకటుంది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు అని చూడకుండా, అందరికీ రాసే అనుమతి ఇచ్చేయడం. పెద్దాయనకి అది అస్సలు గిట్టేది కాదు. "అందరూ అంటే ఎవరెవరో తెలుసా రా నీకు?" అని చెవి మెలిపెట్టేవాడు.

ఆ మాట గుర్తొచ్చింది. అయినా ఇచ్చేశాను.

పనిచేసింది! అంకెలు చకచకా పడుతున్నాయి. చెల్లి నాడి చూసుకున్నాక ప్రాణం లేచొచ్చింది. బామ్ వాసన కూడా పోయింది. పీడా వదిలిందనుకున్నాను.

అంతలో ఫైల్లో తలుపు పక్క మంచానికి ఎదురుగా ఉన్న అంకె చెరిగిపోయింది. దాని చోట 'ఖాళీ' అని వచ్చింది.

నా ప్రోగ్రాం అంకెలు తప్ప మాటలు రాయదు.

ఆ పక్క మంచం... ఖాళీ. దాని పక్కది... ఖాళీ. తలుపు నుంచి కిటికీ వైపు. నర్సుకి ఫోన్ చేశాను.

"అన్నా..." గుసగుసగా అంది. "వీళ్ళని లేపుతుంటే లేవట్లేదు... నాడి అందట్లేదు... ఇంతమందిని మీరు గానీ పంపారా?"

"ఎంతమందిని?"

"తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు... అందరూ లోపలికొచ్చేశారు."

పెద్దాయన ఆపింది నన్ను కాదు. నా వెనకే లోపలికి రావాలని చూస్తున్నవాళ్ళని.

అనుమతి తీసేయబోయాను. ఈ ఫైలు మీది కాదు, అంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాను. మీది కాదు. ఇంకో మంచం... ఖాళీ. ఇక మిగిలింది కిటికీ పక్కదే.

కుర్చీ వైపు తిరిగి చేతులు జోడించాను. "సార్... నా బుద్ధి గడ్డి తింది. మీరు చేస్తున్న పని ఇకనుంచి నేను చేస్తాను. ఎన్నాళ్ళైనా చేస్తాను. మా చెల్లిని మాత్రం వదిలెయ్యమనండి..."

కుర్చీ కిర్రుమంది. కూర్చున్న మనిషి లేచినట్టు.

మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాను. ఈసారి ఫైలు మారు మాట్లాడకుండా మూసుకుంది.

చెల్లి అంకె అలాగే ఉంది. 'ఖాళీ'లన్నీ ఒక్కొక్కటే చెరిగి మళ్ళీ అంకెలయ్యాయి. "లేచారన్నా! అందరూ లేచారు!" నర్సు ఏడుస్తూ నవ్వుతోంది. నాకూ ఏడుపాగలేదు. చెల్లి ఫోన్ అందుకుంది.

"అన్నయ్యా, వాళ్ళు మళ్ళీ బయటికి పోయారు. కానీ తలుపు దగ్గరే ఉన్నారు. ఇటే చూస్తున్నారు."

"ఇక రారమ్మా. నేనున్నానుగా."

గట్టిగా మూసుకుందో లేదో అని ఫైలు ఇంకోసారి చూశాను. యజమాని చోట పెద్దాయన అంకె లేదు. అక్కడున్నది నా అంకె. నా పేరు మాత్రం లేదు.

ఉత్త అంకె.

"అన్నయ్యా?" ఫోన్లో చెల్లి పిలుస్తోంది. "ఉన్నావా? మాట్లాడవేం?"

నేను మాట్లాడుతూనే ఉన్నాను.