తప్పు పెట్టెలోని ఫైలు

ఏడుంపావుకి మర్లిస్ హోల్కమ్ కాఫీ రెండు కప్పుల్లో పోసి, ఒకటి కూతురి ముందు పెట్టింది. బ్రెన్నా అప్పటికే పశువుల ఆసుపత్రి చొక్కా వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పళ్ళెంలో దాల్చినచెక్క రొట్టె అంచులు మాత్రమే తుంచి ఉన్నాయి. బయట ఎవరి పొలంలోనో మొక్కజొన్న కోత మొదలైంది. యంత్రం రొద, దుమ్ము కలిసి కిటికీ దాకా వస్తున్నాయి.

"మీ ఆఫీసు మధ్యాహ్నం మూస్తారా?" అని అడిగింది బ్రెన్నా.

పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మూస్తామని మర్లిస్ చెప్పింది. చెప్పాక, ఆ జవాబు ఫోనులో ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టుందని ఆమెకే అనిపించింది. ఇరవయ్యేడేళ్ళ కూతురితో ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి టవలు ఒకరు వాడకుండా, ఒకరి ఉత్తరం ఒకరు విప్పకుండా, మంచి అద్దెవాళ్ళలా బతకడం వాళ్ళిద్దరికీ అలవాటైపోయింది. పోట్లాడుకుని ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. పోట్లాట మొదలైతే అది ఎక్కడ ఆగుతుందో మర్లిస్‌కి తెలుసు. అందుకే ఎప్పుడూ మొదలుకానివ్వలేదు.

తండ్రి డెల్విన్ వయోమింగ్ నూనె బావుల్లో పనికి వెళ్ళాడనీ, అక్కడే గుండె ఆగి పోయాడనీ బ్రెన్నాకి తెలుసు. తెలుసంటే, తల్లి అలా చెప్పింది. తల్లి నోటి దురుసు పడలేకే వెళ్ళిపోయాడని మిగతాది తనే అల్లుకుంది. పదహారేళ్ళప్పుడు ఒకసారి ఆ మాట మొహం మీద అనేసింది కూడా. మర్లిస్ కాదనలేదు. కూతురి కోసం తాను మోస్తున్న బరువు అదేనని అనుకునేది. ఆ అనుకోవడంలో ఒక రకమైన సుఖం కూడా ఉండేది. దాని జోలికి ఆమె ఎక్కువగా పోయేది కాదు.

కౌంటీ కోర్టు ఎర్ర ఇటుకల భవనం. కింద నేలమాళిగలో పాత రికార్డులు, పైన గుమాస్తాల గది. అందులో మర్లిస్, ఆమె పైఅధికారి గెయిల్, ఇద్దరే. రెండువేల మూడు తర్వాతి కేసులు కంప్యూటర్లో ఉన్నాయి. అంతకు ముందువి కావాలంటే, పేరూ సంవత్సరమూ చీటీ మీద రాసి కౌంటర్ దగ్గర ఇవ్వాలి. గుమాస్తా అట్టపుస్తకంలో నంబరు చూసి, కిందికి దిగి, ఫైలు తెచ్చి చేతిలో పెట్టాలి. ఎందుకని అడగకూడదు. ఎవరి నేరమైనా ఎవరైనా చదువుకోవచ్చు. ఇరవై నాలుగేళ్ళుగా మర్లిస్ ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. అడగకపోయినా జనం చెబుతూనే ఉంటారు. ఆ ఉదయం ఆర్డెల్ అనే ముసలి రైతు వచ్చి, మనవరాలు కలిసి తిరుగుతున్న కుర్రాడి పేరు రాసిచ్చాడు. ఈ నెలలో ఇది మూడో పేరు.

"మూడో వాడా?" అంది గెయిల్.

"మొదటివాడు జింకని దొంగతనంగా వేటాడాడు. రెండోవాడు తాగి బండి నడిపాడు. వీడి మీద ఏమీ లేకపోతే ఇంకా అనుమానం నాకు," అన్నాడు ఆర్డెల్.

గెయిల్ పకపకా నవ్వింది. మర్లిస్ కూడా నవ్వింది. పదకొండవుతుండగా తలుపు తెరుచుకుని బ్రెన్నా లోపలికి వచ్చినప్పుడు ఆమె పెదవుల మీద ఆ నవ్వు ఇంకా ఉంది.

బ్రెన్నా పలకరించలేదు. కౌంటర్ మీది చీటీల కట్టలోంచి ఒకటి చించి, తాడు కట్టి ఉన్న పెన్నుతో నింపి, తల్లి వైపు జరిపింది. డెల్విన్ హోల్కమ్. రెండువేల ఒకటి, లేక రెండు.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అంది మర్లిస్ నెమ్మదిగా.

"ఇంట్లో ఇరవయ్యేళ్ళు మాట్లాడుకున్నాంగా. ఇక్కడైతే అడిగింది ఇవ్వాలి నువ్వు."

గెయిల్ తన బల్ల దగ్గర్నుంచి లేచింది. సంగతి బ్రెన్నా ఆమెకే చెప్పింది, తల్లి అక్కడ లేనట్టు. రెండు నెలలుగా తనూ ట్రెంట్ సెడ్లాచెక్కూ కలిసి తిరుగుతున్నారు. ఆదివారం చర్చి అయ్యాక అతను తనని నాయనమ్మ ఇర్మా ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాడు. బ్రెన్నా ఇంటిపేరు వినగానే ఆ ముసలావిడ వడ్డిస్తున్న గరిటె గిన్నెలో వదిలేసి బల్ల దగ్గర్నుంచి లేచిపోయింది. వాకిట్లో నిలబడి ఒక్కటే మాట అంది. మా ఆయన్ని మీ నాన్న రోడ్డు మీద చంపి పోయాడు, మీ అమ్మ పనిచేసే చోటే కాగితాలున్నాయి, పోయి అడుగు అని. ట్రెంట్ కూడా ఆ మాట వినడం అదే మొదటిసారి.

సొంతవాళ్ళ ఫైలు గుమాస్తా ముట్టుకోకూడదు. గెయిల్ చీటీ తీసుకుని, అట్టపుస్తకం తిరగేసి, నంబరు రాసుకుని మెట్లు దిగింది. తల్లీకూతుళ్ళు కౌంటర్‌కి చెరోవైపు నిలబడ్డారు. మాట్లాడటానికి ఇది ఆఖరి అవకాశమని మర్లిస్‌కి తెలుసు. చీటీల కట్ట అంచులు సరిచేసింది. కింద పెట్టెలు జరుపుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

గెయిల్ చేతులు దులుపుకుంటూ పైకి వచ్చింది. నంబరైతే పుస్తకంలో ఉందనీ, పెట్టెలో మాత్రం ఆ ఫైలు లేదనీ చెప్పింది. అలాంటప్పుడు ఇచ్చే కాగితం ఒకటుంటుంది. వెతికాం, దొరకలేదు అని. ఆమె అది తీసి నింపడం మొదలుపెట్టింది.

బ్రెన్నా మొహం విప్పారింది. మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు భుజాలు జారాయి.

"చూశారా, ఏమీ లేదు. ఆవిడకి మతి పోయినట్టుంది. ఈ కాగితం తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీదే పెడతాను. మా నాన్న మీద అంత అబద్ధమా? ట్రెంట్ ముందే చదివిస్తాను."

గెయిల్ పెన్ను ఇంకా కదులుతూనే ఉంది. ఇంకో రెండు గీతలు, ఒక సంతకం, అంతే. తర్వాత ఎవరూ వెతకరు. ఇరవై ఒక్కేళ్ళ కిందట మర్లిస్ ఆ ఫైలు తీసి వేరే పెట్టెలో పెట్టింది సరిగ్గా ఇలాంటి రోజు కోసమే. కాని ఆ రోజు ఆమె లెక్కలోకి ఇర్మా సెడ్లాచెక్ రాలేదు. ఇప్పుడు ఆమెకి కనిపిస్తున్నది ఎనభై ఏళ్ళ విధవరాలు, తన భర్త ఎలా చచ్చిపోయాడో చెప్పినందుకు సొంత మనవడి ముందు అబద్ధాలకోరుగా నిలబడటం.

"రాయకు, గెయిల్," అంది. "అది ఎక్కడుందో నాకు తెలుసు."

గెయిల్ తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క కాగితాన్నీ చోటు తప్పనివ్వని మనిషి. తాళాలు కౌంటర్ మీద పెట్టి, కుర్చీలో కూర్చుంది.

నేలమాళిగలో చలి. బల్బు ఒక్కటే. మర్లిస్ వెనక గోడ దాకా వెళ్ళి, పశువుల ఒంటి మీద గుర్తుకి వేసే వాతముద్రల పాత దరఖాస్తులున్న పెట్టె కిందికి దింపింది. ఎవరూ తెరవని పెట్టె. అడుగున చెయ్యి పెట్టి సన్నటి ఫైలు లాగింది. వెనకే దిగి వచ్చిన బ్రెన్నా చేతికి, కళ్ళలోకి చూడకుండా, అందించింది.

కూతురు చదువుతుంటే తను ఒక పెట్టె మీద కూర్చుంది. ఏ పుటలో ఏముందో ఆమెకి కంఠతా వచ్చు. రెండువేల ఒకటి డిసెంబరులో, మంచు పడుతున్న సాయంత్రం, ఆంటన్ సెడ్లాచెక్ బండి పాడై రోడ్డు పక్కన నడుచుకుంటూ ఇంటికి పోతున్నాడు. డెల్విన్ ట్రక్కు అతన్ని గుద్దింది. డెల్విన్ దిగి, చూసి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆంటన్ తెల్లవారుజాము దాకా బతికే ఉన్నాడని డాక్టరు రాశాడు. ఎవరైనా కబురు చేసి ఉంటే దక్కేవాడు. డెల్విన్‌కి ఆరేళ్ళ శిక్ష పడింది. మూడో శీతాకాలంలో జైల్లోనే చచ్చిపోయాడు. మర్లిస్ పిల్లని నాలుగేళ్ళు తన అక్క దగ్గర, వేరే ఊళ్ళో పెట్టింది. తిరిగి తెచ్చుకునేసరికి ఊరంతా ఆ సంగతి తెలియనట్టు ఉండటం నేర్చుకుంది. అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ నోరు విప్పలేదు.

ట్రక్కులో డెల్విన్ పక్కన ఇంకొకరున్నారు. మర్నాడు షెరీఫ్ మనిషి మర్లిస్ వంటింట్లో కూర్చుని ఆ సాక్షితో మాట్లాడి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. పేరు మీద నల్లసిరా పూశారు. వయసు మాత్రం ఉంచారు. ఆరేళ్ళు.

బ్రెన్నా ఆ కాగితం దగ్గర ఆగిపోయింది. 

"ఇది నేనే కదా."

మర్లిస్ తల ఊపింది.

"నాన్నని జైలుకి పంపింది నేనా?"

ఈ ప్రశ్న కోసమే ఆమె ఫైలు దాచింది. కనీసం ఇన్నాళ్ళూ తనకు తాను అలాగే చెప్పుకుంది. కూతురు ఇది అడగకుండా చూడటానికే నోటి దురుసుదన్న పేరు తెచ్చుకుంది, అబద్ధాలాడింది, ఉద్యోగంలో తప్పు చేసింది. ఇప్పుడు ఊరడించబోయే సరికి, బ్రెన్నా వేలు ఆ కాగితం చివర, కింది గీత మీద ఆగింది.

"పిల్ల మాట్లాడుతున్నంతసేపూ తల్లి గదిలో లేదు. ఆరేసిన బట్టలు తేవడానికి బయటికి వెళ్ళింది," అని చదివింది. తర్వాత తల్లి వైపు చూసింది. "డిసెంబర్లో? బయట బట్టలా? మనకి బట్టలు ఆరబెట్టే మెషీను ఉండేది కదా."

మర్లిస్ తన చేతులు చూసుకుంది. దాచింది ఈ గీతనే. కూతురి మాటలు కాదు, ఈ ఒక్క గీత. ఇరవై ఒక్కేళ్ళలో మొదటిసారి ఆ సంగతి ఆమెకి ఎదురుగా నిలబడింది.

"తీగ మీద బట్టల్లేవు," అంది. "ఖాళీ బుట్ట తీసుకుని వెళ్ళాను. ఆ పొద్దున్నే ట్రక్కు చూశాను నేను. దీపం పగిలి ఉంది. ముందు బంపరులో బూడిదరంగు ఉన్ని చిక్కుకుని ఉంది. ఆంటన్ ఇంటికి రాలేదని రేడియోలో చెప్పారు. నాకు తెలిసిపోయింది, బ్రెన్నా. షెరీఫ్ మనిషి వచ్చాడు. కాఫీ పోసిచ్చాను. నన్నడిగితే చెప్పాలి. మొగుడి మీద చెప్పలేను, చెప్పకుండానూ ఉండలేను. నువ్వు చెబుతావని తెలుసు. అప్పటికి నీకు అబద్ధం రాదు. అందుకే నిన్ను అతని ముందు వదిలేసి మంచులో నిలబడ్డాను. ఇరవై నిమిషాలు."

బ్రెన్నా ఆ గీత మీంచి వేలు తీసింది.

"నాన్నని నువ్వు పంపలేదు. నేను చెప్పాల్సింది నువ్వు చెప్పావు, అంతే. నీ నెత్తిన పెట్టి, ఆ పైన నీ కోసమే దాచానని నన్ను నేను నమ్మించుకున్నాను."

పైన గెయిల్ కుర్చీ కిర్రుమంది. బ్రెన్నా గోడకి ఆనుకుని, అలాగే జారి, తల్లి కూర్చున్న పెట్టె పక్కన నేల మీద కూలబడింది. ఆమె ఏడుపు చప్పుడు లేనిది. మర్లిస్ చెయ్యి చాచింది. కూతురు తల పక్కకి తిప్పుకుంది. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"జింక అనే గుర్తుంది నాకు," అంది బ్రెన్నా. "నాన్న ట్రక్కు ఒకసారి జింకకి తగిలిందని ట్రెంట్‌కి కూడా చెప్పాను. వాడికి, అమ్మా. వాళ్ళ తాతని జింకన్నాను."

మర్లిస్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

బ్రెన్నా మొహం తుడుచుకుని, ఆ ఒక్క కాగితం తీసి తల్లి ఒడిలో పెట్టింది. రేపు ఇర్మా దగ్గరికి వెళ్ళాలంది. క్షమించమని అడగడానికి కాదు, మీరు నిజమే చెప్పారని చెప్పడానికి. తల్లి వస్తుందో రాదో అది ఆమె ఇష్టమంది.

"వస్తాను," అంది మర్లిస్.

"అయితే ముందు ఇది చదువు. నాకు వినపడేలా. అప్పుడు గదిలో లేవుగా, ఇప్పుడుండు."

మర్లిస్ కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. కంఠతా వచ్చిన మాటలే. అయినా ఎప్పుడూ గొంతుతో పలకలేదు. మొదటి రెండు వాక్యాలు గుమాస్తా గొంతుతోనే వచ్చాయి. నాన్న బండి ఆపాడు. దిగి చూశాడు. మూడోదానికి ఆ గొంతు పోయింది. మళ్ళీ ఎక్కి, అది జింక, నువ్వు పడుకో అన్నాడు. అక్కడ ఆగింది. బ్రెన్నా మెల్లగా తల తెచ్చి తల్లి మోకాలికి ఆనించి, ఇంకొకటి ఉంది చదవమంది.

"నేను కిటికీలోంచి చూశాను," అని చదివింది మర్లిస్. "జింకకి టోపీ ఉంది."