నిన్నటి తేదీ గది

మా మగ్గాల గల్లీ చివర ఒక మేడ ఉంది. కింద ఒకప్పుడు ఎనిమిది మగ్గాలు ఆడేవి, ఇప్పుడు తాళం. పైన ఒక్కటే గది. పొద్దుగూకినంక ఆ గదిలో ఎవరూ కూర్చుండరు.

ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కటి చెప్తరు. కుర్చీ తనంతట తనే తిరుగుతదని ఒకరు. వంగి రాసుకుంటున్న వీపు కనబడుతదని ఒకరు. అందరూ ఒప్పుకునేది మాత్రం ఒకటే — ఆ గదిలో అర్ధరాత్రి దాటినా తేదీ మారదు. ఊరంతా మంగళవారంలోకి పోతది... ఆ గది మాత్రం సోమవారంలోనే ఉంటది.

నవ్వకండి. తేదీ మాట నిజమే. నేను ముప్పై నాలుగేండ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. కారణం లేని మాట చెప్పను. కాని ఒక్కొక్కటే చెప్త, తొందరపడొద్దు.

ఈ సంగతి నాకు చెప్పింది ఆ గదిలో ఒక రాత్రంతా ఉన్న మనిషే. పేరు భానుప్రకాశ్. హైదరాబాద్‌లో ఉంటడు. మా అరుగు మీద కూర్చుండి, నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకొని చెప్పిండు.

ముందు ఆయన పని ఏందో తెలియాలె. నేసే మనిషి మగ్గాన్ని తనే చెక్కుకుంటడా? లేదు. ఎవరో చేసిచ్చిన మగ్గం మీద నేస్తడు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పిల్లలదీ అదే పద్ధతి. ముందే ఒకరు బిగించి పెట్టిన మగ్గం మీద రాస్తరు. దాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటరు. భానుప్రకాశ్ ఐదేండ్ల కింద అట్లాంటిదొకటి చేసి, నూలు చుట్టే "కండె" పేరు పెట్టి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టిండు. వేలమంది వాడుకున్నరు. మంచి పనే, కాదనను.

కాని మగ్గం ఇచ్చినాయన ఏ తాడు గుంజితే ఏది కదులుతదో చెప్పాలె కదా? దానికని ఒక పేజీ పెట్టిండు. నలభై శీర్షికలు. ఏది తెరిచి చూసినా కింద ఒకటే మాట — "త్వరలో రాస్తాం."

ఐదేండ్లు. నలభై సార్లు అదే మాట.

మరి తెలియనోళ్లు ఏం చేస్తరు? అడుగుతరు. ప్రోగ్రాములు రాసేటోళ్లు ఒకరినొకరు అడుక్కునేందుకు ఒక వెబ్‌సైటు ఉంది. పెద్ద తరగతి గది అనుకోండి. ఎవరైనా చెయ్యెత్తవచ్చు, ఎవరైనా జవాబు చెప్పవచ్చు. మంచి జవాబుకు మార్కులు. మార్కులు బాగా పెరిగినోళ్లకు ఒక పెత్తనం ఇస్తరు — పనికిరాదనుకున్న ప్రశ్నను మూసేయవచ్చు. భానుప్రకాశ్‌కు మార్కులు లెక్కలేనన్ని. జవాబులు చెప్పి సంపాదించినవి కొన్నే. ఎత్తిన చేతులను దించడంలోనే ఆయన పేరు మోగింది.

ఇగ, మేడ మీది గది. దాన్ని భూపతి అనే ఆయన కిరాయికి తీసుకొని చిన్న కంపెనీ పెట్టిండు. మా దగ్గరి పట్నంలోని ఒక డయాలసిస్ సెంటర్‌కు ప్రోగ్రాము చేసిచ్చే పని. ఏ రోజు ఎవరెవరికి ఏ మిషన్ మీద రక్తం శుభ్రం చేయాలో పొద్దున ఐదింటికల్లా లిస్టు రావాలె. ఆ పని స్వామి అనే పిల్లగానికి అప్పజెప్పిండు. ఇరవై మూడేండ్లు. మొదటి నౌకరి. చేసింది "కండె" మీదనే.

లిస్టు తప్పు వచ్చేది. ఇయ్యాల్టిది తియ్యమంటే నిన్నటిది తీసేది.

కారణం చెప్త. "కండె" లోపలి గడియారం మన టైము చూడదు, లండన్ దగ్గరి గ్రీనిచ్ టైము చూస్తది. మనం ఐదున్నర గంటలు ముందు ఉంటం. అందుకే మనకు పన్నెండు కొట్టి తేదీ మారినా, పొద్దున ఐదున్నర దాకా ఆ ప్రోగ్రాముకు ఇంకా నిన్ననే. ఎక్కడో ఒక్క వరుస మారిస్తే సరి అయితది. ఆ వరుస ఏందో ఎక్కడా రాసి లేదు.

స్వామి మూడుసార్లు అడిగిండు — మొదట ప్రశ్నగా, తర్వాత రెండుసార్లు దాని కిందనే.

మొదటిసారి భానుప్రకాశ్ — "ఇది ముందే అడిగిన ప్రశ్న" అని మూసేసిండు. స్వామి అడిగింది ఒకటి, ఆయన చూపించిన పాత ప్రశ్న ఇంకొకటి.

రెండోసారి — "వివరాల పేజీ చదువు."

మూడోసారి — "చదవడం రానివాళ్లు ఈ పనికి రావద్దు. ఊళ్లో వేరే పని చూసుకో." దాని కింద నవ్వినోళ్లు నలభై ఒక్కమంది.

స్వామి ఆ కుర్చీలో పదకొండు రాత్రులు కూర్చున్నడు. ప్రతి పొద్దున లిస్టు చేత్తో రాసుకొని, బండి మీద పోయి సెంటర్‌లో సిస్టర్ వనజకు ఇచ్చి వచ్చేటోడు...

నెల దాటింది. సెంటరోళ్లు భూపతికి గట్టిగ చెప్పిన్రు — "ఇన్నొద్దులు వనజ చేత్తోనే రాస్తున్నది. రేపు ఐదింటికి సరైన లిస్టు రాకపోతే మీ ప్రోగ్రాము తీసేస్తం." భూపతి ఏకంగా "కండె" చేసినాయననే పిలిపించిండు. భానుప్రకాశ్ కారు దిగుతనే, "అరగంట పని" అన్నడట.

వాన రాత్రి. తొమ్మిదింటికి కూర్చున్నడు. పదింటికి వాచ్‌మన్ సారయ్య కింద గేటుకు తాళం వేసిండు. మళ్లీ తీసేది పొద్దున ఐదింటికే. అది రోజూ ఉండే పద్ధతి.

పదకొండు అయింది. అరగంట పని కాలేదు.

ఐదేండ్ల కింద తను రాసిందే... తనకే అర్థం కాలేదు! ఏ తాడు ఎక్కడ కట్టిండో యాదికి లేదు. గుర్తుకోసం ఒక్క ముక్క రాసుకోలేదు. తన పేజీ తనే తెరిచిండు — "త్వరలో రాస్తాం."

పన్నెండు కొట్టింది. గోడ మీద మంగళవారం. ఎదుట తెర మీద... సోమవారం.

అప్పుడు ఇంటర్నెట్‌లో వెతికిండు. ఈ తిప్పల ఇంకెవరికైనా వచ్చిందా అని. మొత్తం ప్రపంచంలో ఒక్కటంటే ఒక్క పేజీ దొరికింది. ఎవరో అడిగిన ప్రశ్న. అచ్చం ఇదే ప్రశ్న.

మూసేసి ఉంది. మూసినాయన పేరు చూసిండు — భానుప్రకాశ్.

"ఛ..." అని తెర ముందు నుంచి లేవబోయిండట. అంతలోనే, ఆ ప్రశ్న కింద కొత్తగా ఒక వరుస పడ్డది. వాళ్లు ఇంగ్లీషులో రాసుకున్నది నేను మన మాటల్లో చెప్తున్న.

"వచ్చినరా సార్... మీ కోసమే చూస్తున్న."

"ఎవరు నువ్వు?"

"అడిగినోన్ని."

పేరు చూసిండు. స్వామి. ఆ పేరు ఆయనకు గుర్తే లేదు! ఎన్ని చేతులు దించిండో, ఏ చెయ్యి ఎవరిదని గుర్తుంటది?

"నీకు జవాబు దొరికిందా?"

"దొరికింది. పదకొండో రాత్రి."

"దొరికితే ఇక్కడ రాయొచ్చు కదయ్యా! ఏంటది, చెప్పు."

వాన చప్పుడు. తర్వాత —

"కిటికీ మూసుకోండి సార్. జల్లు మీ ఎడమ భుజం మీద పడుతున్నది."

ఎడమ భుజం తడిమి చూసుకున్నడు. తడి.

కిటికీ అవతల చీకటి... చీకటి తప్ప ఏమీ లేదు. రెక్క వేసి, గడియ పెట్టి, సారయ్యకు ఫోన్ చేసిండు.

"సారయ్యా, ఇక్కడ స్వామి అని ఎవరైనా ఉన్నారా?"

అటు నుంచి గుసగుసగా — "గా పేరు ఇప్పుడెందుకు తీసిన్రు సార్? మీరు కూసున్న కుర్చీ గాయినదే."

"ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"యాడుంటడు సార్... పోయి నెల దాటె. పదకొండు దినాలు కంటి మీద కునుకు లేదు. పొద్దుగాల్ల లిస్టు కాయితం జేబుల పెట్టుకొని బండి మీద పోతుంటే నిద్ర ముంచుకొచ్చింది. కల్వర్టుకు గుద్దుకున్నడు. దవాఖానకు తీస్కపోయేలోపే..."

"గేటు తియ్యి. ఇప్పుడే తియ్యి!"

"తియ్య సార్. ఈ యాళ్లల్ల నేను గా గేటు కాడికి రాను. నాకు పిల్లలున్నరు. ఐదింటికి తీస్త." ఫోన్ పెట్టేసిండు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తెర మీద ఇంకో వరుస వచ్చి ఉంది.

"తెలిసిందా సార్?"

భానుప్రకాశ్ నాతో అన్నడు — "అమ్మా, అప్పుడు కంప్యూటర్ కట్టేద్దామనుకున్నా. కట్టేస్తే ఒంటరిగా నేనూ, ఆ కుర్చీ... అందుకే కట్టలేదు." మళ్లీ మీటలు కొట్టిండు — "నీకేం కావాలి?"

"నలభై శీర్షికలున్నయి. నలభై రాయండి. నా అసొంటోనికి అర్థమయ్యేటట్టు రాయండి. అప్పుడు వరుస చెప్త."

"తెల్లారేసరికి నలభై ఎట్లా?"

"నాకు పదకొండు రాత్రులు పట్టింది. మీకింకా ఐదు గంటలున్నయి."

మొదటిది రెండు ముక్కల్లో రాసి పెట్టిండు. వెంటనే వచ్చింది — "అర్థం కాలేదు. మళ్లీ రాయండి."

మళ్లీ రాసిండు. "ఉదాహరణ ఏది?"

ఉదాహరణ పెట్టిండు. "ఇది తెలిసినోనికి రాసినరు. తెలియనోనికి రాయండి."

అట్ల గంట. అట్ల రెండు గంటలు. రాస్తుంటే, తను ఏం చేసిండో తనకే ఒక్కొక్కటి యాదికి వచ్చిందట. గడియారం ముక్క ఒక్కటి మాత్రం ఎంత తవ్వినా రాలేదు. మధ్యలో ఒకసారి నడుం పట్టేసి కుర్చీ వెనుకకు వాలిండు. కన్ను మూతపడబోతుంటే తెర మీద —

"నిద్ర వస్తున్నదా సార్? నాకూ వచ్చింది."

అంతే, మళ్లీ వాలలేదు.

"బడిలో కూడా నన్నెవరూ ఇట్లా రాయించలేదమ్మా" అన్నడు నాతోటి. నేను గ్లాసులో ఇంకిన్ని నీళ్లు పోసిన.

నాలుగు నలభైకి నలభైయోది అయింది. గడియారం ముక్క కాడ చోటు వదిలిపెట్టి, "ఇక చెప్పు" అని కొట్టిండు. చెప్పినట్టే, ఒక్క వరుస వచ్చింది. మార్చాల్సిన తావు, మార్చాల్సిన మాట, ఎందుకు మార్చాలనేది కూడా. దాన్ని పెట్టి ఒక మీట నొక్కిండు.

తెర మీద సోమవారం పోయింది. మంగళవారం వచ్చింది. నెల తర్వాత మొదటిసారి లిస్టు సరిగ్గ వచ్చింది.

ఇంకొకరైతే మెట్లు దిగి గేటు కాడ నిలబడుదురు. ఈయన కుర్చీలోంచి లేవలేదట. మళ్లీ కొట్టిండు —

"స్వామీ, నన్ను క్షమించావా?"

ఏమీ రాలేదు. ఐదు కొట్టింది. కింద గేటు చప్పుడైంది. అప్పటికీ రాలేదు.

మెట్లు దిగి, స్వామి వాళ్ల ఇల్లు ఎక్కడని సారయ్యను అడిగిండు. సారయ్య చెయ్యెత్తి మా అరుగు చూపించిండు.

అవును. స్వామి నా మనుమడు.

తల్లి లేని పిల్లగాన్ని నేనే సాదిన. ఆ ప్రశ్నలు పంపే ముందు ఇంగ్లీషు సరిచూడమని నాకే చదివి వినిపించేటోడు. "ఇంత మర్యాదగా అడిగినవు, ఎందుకు చెప్పరు బిడ్డా" అని ధైర్యం చెప్పింది నేనే.

పదకొండో రాత్రి దొరికిన వరుసను వాడు నోటుబుక్కులో రాసిపెట్టిండు. లిస్టు ఇచ్చే టైము మించుతదని, తెల్లారి వచ్చి ప్రోగ్రాములో పెడదామనుకున్నడు. దాని పక్కపొంటే వెబ్‌సైటు పాస్‌వర్డు. భూపతికి ఆ వరుస ఎప్పుడో ఇచ్చేద్దును. ఇయ్యలేదు. ఈ మేడకు ఎవరు రావాలెనో వాళ్లు వచ్చేదాకా నాకు ఓపిక ఉంది. రోగుల మీద నాకేం పగ? "రేపు కూడా చేత్తోనే రాసుకో బిడ్డా" అని వనజకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పిన.

మా వెనుక గది కిటికీలో కూర్చుంటే ఆ కుర్చీ ఎదురుగ కనబడుతది. కిటికీ రెక్క మూసినా దానికి అద్దం ఉంది. లోపల లైటు ఉంది. దీపం ఆర్పుకొని, స్వామి లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని, తెర వెలుగు కనబడకుండ కొంగు కప్పుకొని కూర్చున్న. అరవై ఎనిమిదేండ్ల ముసలిదానికి మీటలు కొట్టవచ్చునా అంటరా? ఒక్క వేలుతో కొట్టిన.

ఇవేవీ ఆయనకు చెప్పలేదు. ఆయన నా కాళ్ల దగ్గర కూర్చుండి, "పెద్దవారు, మీరు చెప్పండమ్మా... క్షమిస్తాడా?" అని అడిగిండు.

"నాకేం తెలుసు బిడ్డా" అన్న. "వాన్నే అడుగు. అడుగుతనే ఉండు."

అడుగుతున్నడు. రోజూ రాత్రి పన్నెండు దాటినంక, ఆ మూసిన ప్రశ్న కిందనే, హైదరాబాద్ నుంచి. మనిషి సగమైండని భూపతి చెప్పిండు. ఎవరు ఏది అడిగినా ఇప్పుడు ఓపికగా విడమరిచి చెప్తున్నడట.

నిన్న రాత్రి ఇరవై ఏడోసారి అడిగిండు. అక్షరం అక్షరం చదివిన. లాప్‌టాప్ మూత వేసిన. పండుకున్న.