చంపిన వస్తువు దేవుడికే

ఇత్తడి టేబుల్ లాంప్‌తో ఒక్కటే దెబ్బ. నిఘంటువులు రాసుకునే పెద్దాయన తల పగిలి, కూర్చున్న కుర్చీలోనే ప్రాణం పోయింది. లాంప్ మాత్రం మాయం.

పోయినాయన డిపార్ట్‌మెంట్‌కి కోడ్‌లు విప్పేవాడు. ఏజెంట్ డేగకి పిల్లనిచ్చిన మామ. చనిపోయే ముందు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాడు: "డియోడాండ్."

"మనం వెతుకుతున్న విదేశీ ముఠా పేరది," అన్నాడు చీఫ్. "అర్థమేంటి?"

"చచ్చిపోయిన ఇంగ్లీషు మాట సార్. పుట్టింది లాటిన్లో. దేవుడికి ఇవ్వాల్సింది అని. ఒకప్పుడు బండి తొక్కి మనిషి పోతే, ఆ బండిని దేవుడి పేరు మీద రాజు జప్తు చేసేవాడు. రైళ్ళొచ్చాక ఇంజన్లు జప్తు చేస్తే ఎలా అని గోల మొదలై, చట్టమూ పోయింది, మాటా పోయింది. మామగారు భోజనం చేస్తూ కూడా ఇవే చెప్పేవారు." అన్నాడు డేగ.

గోడవారగా నిలబడ్డ నీలం గౌను అందగత్తె సిగరెట్ నలిపేసింది. ముఠాలో ఉంటూనే వీళ్ళకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"మా బాస్‌కి ఆ మాటంటే పిచ్చి. మనిషిని చంపిన వస్తువు తనకే చెందాలంటాడు. అది తెచ్చినవాళ్ళకే దర్శనం. నేనింతవరకూ మొహం చూళ్ళేదు. మధ్యాహ్నం రైల్లో బాంబుంది, వంతెన మీద పేలుస్తాడు. ముందే రైలాపితే అప్పుడే రిమోట్ నొక్కేస్తాడు."

డేగ గడియారం చూశాడు. తండ్రి ఆఖరి చూపు కోసం అతని భార్య ఆ రైల్లోనే వస్తోంది.

"అయితే నన్ను చంపు," అన్నాడు.

"ఇంత తొందరగా ఒప్పుకున్న మగాణ్ణి ఇప్పుడే చూడ్డం," అందామె.

ముఠా మనుషుల కళ్ళముందే, నడిరోడ్డు మీద ఆమె కత్తి డేగ పొట్టలో దిగింది. నిజానికి బ్లేడు పిడిలోకి ముడుచుకుంది. చొక్కా కింద సంచిలోంచి కారిన రక్తం మాత్రం ఆసుపత్రి నుంచి తెచ్చిన అసలు సరుకే. పిడిలో ట్రాన్స్‌మిటర్ పెట్టారు. శవం అంబులెన్స్‌లో లేచి కూర్చుని సిగ్నల్ వెంట బయల్దేరింది.

సిగ్నల్ రైలు వంతెన పక్కన పాత గోడౌన్లో ఆగింది. డేగ తలుపు పగలగొట్టేసరికి అలమరల నిండా తాళ్ళు, ఇనుపరాడ్లు, ఓ కారు చక్రం. చివర్న మామగారి లాంప్. నీలం గౌను ఎదురుగా బాస్ ఆమె తెచ్చిన కత్తి మొనని బల్లకేసి నొక్కి చూస్తున్నాడు.

"ఇది ఎవర్నీ చంపలేదే!"

అంటూనే ఆమెని కాల్చాడు. భుజం చీలి కూలబడింది. అడ్డొచ్చిన కాపలావాడి మెడ డేగ చేతుల్లో విరిగింది. రెండో గుండు డేగ చెవి తుంచుకుపోయింది. బయట రైలు కూత. బాస్ రిమోట్ అందుకుని బటన్ మీద వేలు పెట్టాడు.

డేగ చేతికందింది లాంపే. మామగారిని తల్చుకుని కొట్టాడు. బాస్ తల పగిలింది, రిమోట్ ఎగిరింది. అది నేలకి తగిలేలోపు, పడి ఉన్న నీలం గౌను మంచి చెయ్యి చాచి పట్టేసుకుంది. రైలు వంతెన దాటింది.

సాయంత్రం చీఫ్ సామాన్లన్నీ చూసుకుని తలెత్తాడు. "బాస్‌ని చంపిన లాంప్ ఏదోయ్?"

"డియోడాండ్ కదా సార్, దేవుడికివ్వాలి." డేగ చెవి మీది కట్టు తడుముకున్నాడు. "మా ఇంట్లో ఆ పోస్టు మా ఆవిడది. ఇచ్చేశాను."