రెండో సున్నా

క్రేన్ పైకి లాగిన తెల్లకారు అద్దాల్లోంచి కాలువ నీళ్ళన్నీ కారిపోయాక, స్టీరింగ్ మీద వాలిన శవం కనిపించింది.

శనివారం. సాయంత్రం ఐదూ ఇరవై. భీమవరం వెళ్ళే రోడ్డులో, లాకుల దిగువన.

చనిపోయింది వేణుగోపాలరాజు. యాభై రెండేళ్ళు. రొయ్యల చెరువుల ఆసామి.

ఇన్‌స్పెక్టర్ సత్యకుమారి గట్టు మీద టైరు జాడలు చూసింది. బ్రేకు వేసిన గుర్తు ఎక్కడా లేదు.

"తాగి పోనిచ్చేశాడండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ దొరబాబు. "మధ్యాహ్నం మన చెకింగ్ దాటే వచ్చింది ఈ కారు."

"తాగినవాణ్ణి ఎలా వదిలారు?"

"అప్పుడు నడిపింది ఈయన కాదండి. చిట్టియ్య. వాడు చుక్క ముట్టడు."

సత్యకుమారికి అర్థమైంది.

రొయ్యల పట్టుబడి తెల్లవారేసరికి అయిపోతుంది. మధ్యాహ్నానికే బార్లు నిండుతాయి. అందుకే నెల రోజులుగా పోలీసులు బార్ల దగ్గర కాపు కాస్తున్నారు. దానికి విరుగుడుగా ఊళ్ళో కొత్త పని ఒకటి పుట్టింది. దాని పేరు దాటింపు. తాగని డ్రైవర్ ఒకడు బార్ దగ్గర స్టీరింగ్ అందుకుంటాడు. చెకింగ్ దాటిస్తాడు. లాకుల దగ్గర దిగిపోతాడు. ఆ తర్వాత తాగినవాడి బండి, తాగినవాడి ఇష్టం.

ఈ సంగతి పోలీసులకూ తెలుసు. కానీ బ్రీత్ అనలైజర్ పెట్టేది నడిపేవాడి నోటికే.

ఆదివారం ఉదయం పదింటికి శ్రీనివాసరాజు స్టేషన్‌కి వచ్చాడు. చనిపోయినాయన బావమరిది. పక్కపక్క చెరువులే ఇద్దరివీ.

"మా అక్క రాత్రి నుంచి మాట్లాడట్లేదండి. మీ లేడీ కానిస్టేబుల్ కారు ఆపింది. బావ మత్తులో పడి ఉండటం చూసింది. చూసి కూడా పంపించేసింది. ఆ అమ్మాయిని సస్పెండ్ చేస్తారా, మా వాళ్ళని రోడ్డు మీద కూర్చోమంటారా?"

ఆ కానిస్టేబుల్ రూతు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఇంకా ప్రొబేషనే. తల్లి ఊడ్పులకు వెళ్ళి చదివించింది. ఇప్పుడు వేటు పడితే ఉద్యోగం పోయినట్టే. సాయంత్రం ఐదులోగా రిపోర్టు కావాలని పైనుంచి ఫోన్ వచ్చింది.

సత్యకుమారి పెట్రోలింగ్ జీపు కెమెరా వీడియో వేసింది.

మూడూ నలభై ఒకటి. కారు ఆగింది. చిట్టియ్య ఊదాడు. పక్కసీట్లో వేణుగోపాలరాజు తల వాల్చేసి ఉన్నాడు. రూతు కెమెరాకి అందకుండా కారు అవతలికి వెళ్ళింది. మూడూ నలభై మూడు. కారు కదిలింది.

ఊదించే యంత్రం మెమరీలో రెండు టెస్టులు. మూడూ నలభై ఒకటికి సున్నా. మూడూ నలభై రెండుకి మళ్ళీ సున్నా.

"ఒకడికే రెండుసార్లా?"

"కొత్త కదండీ," నవ్వాడు దొరబాబు. "నమ్మకం కుదరక మళ్ళీ ఊదించి ఉంటుంది."

రూతు తల ఎత్తలేదు. ఏదో దాస్తోంది.

పదకొండున్నరకి బార్ మేనేజర్ ప్రసన్నకుమార్ వచ్చాడు.

"రాజుగారు నిన్న మా బార్లో అడుగే పెట్టలేదండి."

"కారు మీ పెరట్లోనే ఉందిగా?"

"పెరట్లో ఎవరైనా పెట్టుకుంటారండి."

"కెమెరా?"

"వారం నుంచి పనిచెయ్యట్లేదండి."

"మాకు కావలసిన వారమే పాడవుతుందేంటి మీ కెమెరా?"

అతను రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

తర్వాత చిట్టియ్య.

"నువ్వు ఎక్కేసరికి ఆయన ఎలా ఉన్నాడు?"

"సీట్లో వాలిపోయి ఉన్నారండి. పిలిచాను, పలకలేదు. ఫుల్లుగా ఉన్నారనుకున్నాను."

"ఎక్కడ దిగావు?"

"లాకుల దగ్గరండి. తాళం బండికే వదిలేసి నడిచొచ్చేశాను."

"దాటించమని ఎవరు చెప్పారు?"

చిట్టియ్య నేల చూశాడు. "పేర్లు చెబితే రేపటి నుంచి ఎవరూ పిలవరండి."

"మనిషి పోయాడు చిట్టియ్యా."

"అందుకే ఇంకా భయమండి."

ముగ్గురు. ముగ్గురూ సగమే చెబుతున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి సత్యకుమారి రూతుని ఒంటరిగా పిలిచింది. తలుపు వేసింది.

"రెండో సున్నా ఎవరిది?"

"చెబితే మెమో ఇస్తారా మేడమ్?"

"చెప్పకపోతే ఉద్యోగం పోతుంది."

"పక్కసీటాయనదండి. గొట్టం లేకుండా నోటి దగ్గర పెట్టినా యంత్రం పట్టేస్తుంది కదండీ. అంత తాగినాయన దగ్గర వాసనే రావట్లేదేంటా అనిపించి పెట్టాను. సున్నా వచ్చింది. ఇంతలో దొరబాబుగారు కేకేశారు. నడిపేవాణ్ణి చూడమ్మా, నిద్రపోయేవాళ్ళని కాదు అని. మెషిన్ పాడైందేమోలే అనుకున్నాను."

సత్యకుమారి మెమరీలో తర్వాతి టెస్టు చూసింది. మూడూ యాభై. ఒక బైకువాడు. నూట నలభై ఎనిమిది.

యంత్రం పాడవలేదు.

వెంటనే పోస్టుమార్టం చేసిన డాక్టర్‌కి ఫోన్ చేసింది. "రక్తం రిపోర్టు ల్యాబ్ నుంచి రావడానికి వారాలు పడుతుందని తెలుసండి. కానీ ఈ మనిషి తాగలేదు. తాగకుండా స్పృహ ఎందుకు తప్పాడు? శరీరం ఇంకోసారి చూడండి. చేతులు ముఖ్యంగా."

నాలుగింటికి అందరూ ఆమె గదిలో ఉన్నారు.

"సస్పెన్షన్ ఆర్డరు ఇచ్చారా?" అడిగాడు శ్రీనివాసరాజు.

"రాస్తున్నాను. ఒక్క సందేహం. మీ బావగారు నిన్న బార్లోనే తాగారా?"

"పదకొండు నుంచి అక్కడే. నేనే వెళ్ళి వారించానండి. వినలేదు. నా కళ్ళముందే అరసీసా ఖాళీ చేశారు."

ప్రసన్నకుమార్ నోరు తెరవబోయాడు. సత్యకుమారి చెయ్యి ఎత్తి ఆపింది. యంత్రం తీసి బల్ల మీద పెట్టింది.

"మూడూ నలభై రెండుకి ఇది మీ బావగారి నోటి దగ్గర ఉంది. సున్నా చూపించింది."

"డ్రైవర్‌కే కదా పెడతారు?"

మాట జారాక శ్రీనివాసరాజు పెదవి కొరుక్కున్నాడు.

"ఊరంతా అలాగే అనుకుంటుంది. మా దొరబాబు కూడా. మీ ధైర్యం అదే. స్పృహలేని మనిషిని పట్టపగలు మా ముందు నుంచే తీసుకెళ్తే, తాగి పడుకున్నాడని మా వీడియోయే సాక్ష్యం చెబుతుంది. ఈ అమ్మాయి అనుమానపడుతుందని మీకు తెలియదు."

చిట్టియ్య లేచి నిలబడ్డాడు. "తాగలేదా అండీ? ఈయనేనండి మూడూ ఇరవైకి ఫోన్ చేసింది. బావ బాగా తాగాడు, కారు బార్ పెరట్లో ఉంది, లాకుల దగ్గర వదిలెయ్, నేనొచ్చి తీసుకెళ్తాను అన్నారు."

"డాక్టర్ రెండు విషయాలు చెప్పారు," అంది సత్యకుమారి. "కుడి అరచేతిలో కరెంటుకి కాలిన మచ్చ ఉంది. నీళ్ళలో నాని ముడతల్లో కలిసిపోయింది. రెండోది, ఊపిరితిత్తుల్లో కాలువ నీళ్ళున్నాయి. అంటే కారు కాలువలో పడేటప్పటికి ఆయన బతికే ఉన్నాడు. మీకు తెలుసా, తెలియదా?"

శ్రీనివాసరాజు బల్ల మీది యంత్రాన్నే చూస్తూ చెప్పాడు.

"నా చెరువు రొయ్యలకి వైట్ స్పాట్ రోగం తగిలిందండి. ఆ నీళ్ళు బయటికి వదలకూడదు. పక్క చెరువులన్నీ చస్తాయి. నేను దొంగ కరెంటుతో మోటారు పెట్టి కాలువలోకి తోడేస్తున్నాను. నిన్న బావ చూశాడు. ఇంతమంది నోట్లో మట్టి కొడతావురా అని మోటారు ఆపబోయి వైరు పట్టుకున్నాడు. పడిపోయాడు. పోయాడనే అనుకున్నానండి, మా అక్క మీద ఒట్టు. సంగతి బయటపడుతుందని ఆయన కారే ఎక్కించి బార్ పెరట్లో వదిలాను. లాకుల దగ్గర సీటు మారుస్తుంటే దగ్గాడు. కళ్ళు తెరిచాడు. ఆసుపత్రి పది నిమిషాల దూరం. తీసుకెళ్తే బతికేవాడు. నా చెయ్యి పట్టుకుని, ఒరే శీనూ, మోటారు ఆపావా అని అడిగాడండి. అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఏం చెప్పను? చెయ్యి విడిపించుకుని, హ్యాండ్‌బ్రేక్ దించి, నేనే తోశాను."